పడమటి పక్క పందిరి

ఆ మాట ఊరి పెద్ద, భారతం పండుగ పెత్తనం చేసే ఆదిమూలం నోటి నుంచే వచ్చింది. హరిజనవాడ మొదట్లో బండి నిలబెట్టించి, దిగి, పై కండువా సర్దుకొని వాడ పెద్ద మునివెంకటప్పను పిలిచి మరీ చెప్పాడు.

"ఈ తూరి భారతానికి మీ పక్కకు గూడా పందిలి ఏస్తాం అప్పా. మీరూ ఆకు తెండి, వాసాలు తెండి. ఎంత తెస్తే అంత దూరం లాగేద్దాం. ముసిలోళ్ళు ఎండలో కూసోని కత ఇంటా ఉంటే సూసేదానికి మాకూ బాగలేదు."

మునివెంకటప్ప తలగుడ్డ చేతిలోకి తీసుకొని, "అట్లనే సామీ" అన్నాడు. వెనక నీళ్ళ బిందెతో నిలబడి ఉన్న మునెమ్మ ఆ మాట విన్నది. విన్న వెంటనే ఇంటికి పోయి, గడపలో కూర్చుని ఉన్న అత్త అక్కమ్మ చెవిలో వేసింది. అక్కమ్మ కళ్ళకు పొరలు కమ్మి రెండేళ్ళు అవుతోంది. మనిషి ఆకారం తెలుస్తుంది గాని మొహం తెలియదు.

"ఆదిమూలమే సెప్పినాడా?"

"ఆయనే సెప్పినాడు అత్తా."

"వాళ్ళ నాయన గూడా ఒకసారి సెప్పినాడు" అని, కొంగు సర్దుకొని, "సరే, ఈయప్ప మంచోడు" అన్నది అక్కమ్మ.

ముద్దుకండ్రిగ వడమాలపేట నుంచి లోపలికి పోయే మట్టిరోడ్డు మీద ఉంది. ఊళ్ళో ధర్మరాజుల గుడి ముందు ఎండాకాలంలో భారతం పండుగ చేస్తారు. పద్దెనిమిది దినాలు మధ్యాహ్నం అన్నాలు తిన్నాక హరికథ, రాత్రికి వీధి నాటకం. నాటకం చల్లపూట కాబట్టి ఎక్కడ కూర్చున్నా ఒకటే. హరికథకు మాత్రం నీడ కావాలి. కథ మొదలయ్యే వేళకు సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, ముగిసేసరికి పడమట దిగి కళ్ళల్లో పొడుస్తాడు. అందుకే గుడి ముందు పెద్ద పందిరి. పందిరి కింద ఊరు కూర్చుంటుంది. వాడవాళ్ళు పందిరికి అవతల, పడమటి పక్కన, మట్టిలో కూర్చుంటారు. కూర్చోమని గాని, కూర్చోవద్దని గాని ఎవరూ ఎన్నడూ చెప్పింది లేదు. అది అట్లా జరుగుతూ వస్తోంది.

పందిరి పని అందరిదీ. సవక తోపు ఉన్నవాళ్ళు గుంజలు ఇస్తారు. కొబ్బరి చెట్లున్న ఇళ్ళవాళ్ళు మట్టలు ఇస్తారు. బండ్లున్నవాళ్ళు తోలతారు. చాకలివాళ్ళు లోపలి పక్క కట్టడానికి తెల్ల చీరలు తెస్తారు. గుంతలు తవ్వేది, గుంజలు నాటేది వాడ మగవాళ్ళు. మట్టలను కాలవలో నానేసి, నడిమికి చీల్చి, ఈనె పొడుగునా ఆకులను జడలా అల్లి కీతులు చేసేది ఆడవాళ్ళు. అందులో ఊరి ఆడవాళ్ళూ ఉంటారు, వాడ ఆడవాళ్ళూ ఉంటారు.

ఆ డెబ్భై తొమ్మిదో సంవత్సరం వాడవాళ్ళు అందరికంటే ముందు కదిలారు. గట్ల మీది తాటిచెట్లెక్కి ఆకు కొట్టారు. ఎవరి పెరట్లో ఒక కొబ్బరి చెట్టున్నా మట్ట దించారు. మునివెంకటప్ప తన కొత్త కొట్టం కోసం దాచుకున్న వెదుళ్ళను మోయించుకొచ్చి గుడి దగ్గర వేశాడు.

మునెమ్మ కాలవ గట్టున కూర్చుంది. మొగుడు గూడూరు నిమ్మతోటల్లో కోతకు పోయి ఉన్నాడు. ఇంట్లో తనూ, అత్తా. పొద్దున్నే అత్తకు రాగిసంకటి పెట్టి వచ్చి కూర్చుంటే, మళ్ళీ పొద్దు వాలాకే లేవడం. ఈనెను కాలి బొటనవేలి కింద తొక్కిపట్టి, ఒక ఆకు పైకి, ఒక ఆకు కిందికి, కొస దాకా లాగి ముడి వేస్తుంది. తడి ఆకు అంచు కత్తిలా ఉంటుంది. రెండో రోజుకే వేళ్ళ సందుల్లో గీతలు పడ్డాయి. ఆముదం రాసుకొని మళ్ళీ కూర్చుంది.

ఆమెకు కొంచెం ఎడంగా, పీట వేసుకొని ఆదిమూలం భార్య సుబ్బులమ్మ అల్లుతోంది. కూతురి కానుపు కష్టమైనప్పుడు ధర్మరాజులకు మొక్కుకుంది, తల్లీ బిడ్డా క్షేమంగా బయటపడితే పందిరికి తన చేత్తో కీతులు అల్లుతానని. అలవాటు లేని చేతులు. ఒకటి అల్లేసరికి మునెమ్మవి మూడు నాలుగు అయిపోతాయి. ఇద్దరూ అల్లినవి అల్లినట్టు నడుమన కుప్పలో పడేస్తున్నారు. మనుషుల మధ్య ఎడం ఉంది గాని కీతులకు లేదు. అన్నీ ఒకే కుప్ప.

"ఏమ్మే మునెమ్మా, నాది వదులుగా వస్తా ఉండాదే, ఎందుకని?"

"ఆకును తిప్పేటప్పుడే బిగలాగల్లమ్మా. తర్వాత లాగితే రాదు."

సుబ్బులమ్మ ఈసారి బిగలాగింది. వేలు కోసుకుంది. వేలు నోట్లో పెట్టుకొని నవ్వింది.

"మీ అత్త ఈ ఏడు గూడా వస్తాదా కతకి?"

"రాకుండా ఉంటాదామ్మా! నిరుడు ఎండదెబ్బ తగిలి పడిపోయినాదని మీకు తెల్సు గదా. నోట్లో నీళ్ళు పోస్తే లేసి కూసోని, 'భీముడు యాడికి పొయ్యినాడు, అడుగు' అనింది."

"ఈ తూరి ఆ బాద లేదులే. మీ పక్కకూ ఏస్తారంట గదా."

"అదే ఆశమ్మా" అన్నది మునెమ్మ. మరో మట్ట లాక్కుంది.

పందిరి లేవడం చూడ్డానికి బాగుంటుంది. మొదట ఖాళీ స్థలంలో గుంతలు. తర్వాత గుంజలు నిలబడతాయి, ఎవరికీ సంబంధం లేనట్టు. వాటి మీద అడ్డంగా వాసాలు, వాసాల మీద వెదుళ్ళు పడేసరికి, ఒకదానికొకటి పట్టు దొరుకుతుంది. పైన మనుషులెక్కుతారు. కింద ఉన్నవాళ్ళు కీతులు విసురుతారు, పైనున్నవాళ్ళు అందుకొని తాటినారతో కడతారు. "లాగు, లాగు", "ఇంకొంచెం ఇట్ల" అని కేకలు. ఆ కేకల్లో ఎవరు ఎవరిని ఏమన్నా తప్పు పట్టేవాళ్ళు ఉండరు. గుడి వైపు నుంచి మొదలైన నీడ రోజురోజుకీ పడమటికి జరుగుతూ వచ్చింది.

పందిరి పని ఆఖరి రోజు సాయంత్రం, పడమటి పక్క గుంజలు నాటడానికి మునివెంకటప్ప గడ్డపార తీసుకొనేసరికి ఆదిమూలం వచ్చాడు.

"ఆ గుంజలు ఈడ వద్దప్పా. రోడ్డు పక్కన, ఆ మోరీ దగ్గిర నాటు."

"ఆడ ఎందుకు సామీ? ఆడ ఎవురు కూసుంటారు?"

"రైసుమిల్లు ధనంజయ కొత్తకారు తీసుకున్నాడు. మైకుసెట్టు, లైట్లు అంతా ఆయప్పదే గదా. దినామూ కతకు వస్తానన్నాడు. కొత్తకారును ఎండలో పెట్టిస్తే మనకు మర్యాద గాదు."

మునివెంకటప్ప గడ్డపార మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు.

"మరి మా పక్క?"

"ఆకు మిగిల్తే ఏద్దాం. నేను వద్దంటినా? రేపో ఎల్లుండో సూద్దాం."

మునివెంకటప్ప గడ్డపార భుజాన వేసుకున్నాడు. రోడ్డు పక్కకు నడిచి, మోరీ దగ్గర గుంత తీయడం మొదలుపెట్టాడు. మునెమ్మ కుప్పలో మిగిలిన కీతులను నెత్తిన పెట్టుకొని అటే మోసింది. మోయమన్నారు, మోసింది. పొద్దు గుంకేలోపల కారుకు కొట్టం తయారైంది. మూడు పక్కలా దడి, పైన దట్టంగా కీతులు. కుప్ప ఉన్న చోట నలిగిన ఆకులు, నారపీచులు తప్ప ఏమీ మిగల్లేదు.

మొదటి రోజు హరికథకు అక్కమ్మ ఉతికిన చీర కట్టుకుంది. మునెమ్మ చెయ్యి పట్టుకొని నడిపించుకొచ్చింది. శ్రీకాళహస్తి నుంచి వచ్చిన కృష్ణస్వామి భాగవతార్ కాలికి గజ్జెలు కట్టుకుంటున్నాడు. మైకులో గజ్జెల చప్పుడు ఊరంతా వినబడుతోంది. వాడవాళ్ళు వచ్చి ఎప్పటి చోట ఎప్పటిలాగే కూర్చున్నారు. మగవాళ్ళు తలగుడ్డలు విప్పి మొహాల మీదికి లాక్కున్నారు. ఆడవాళ్ళు కొంగులు కప్పుకున్నారు.

మునెమ్మ అత్తను కూర్చోబెట్టింది. అక్కమ్మ కింద మట్టిని తడిమింది. మట్టి కాలుతోంది. తల ఎత్తి, కనబడని కళ్ళతో పైకి చూసింది.

"పైన ఏసినారా మే?"

మునెమ్మ తల తిప్పి చూసింది. రోడ్డు పక్కన తెల్లటి అంబాసిడర్ కారు కీతుల కింద నిలబడి ఉంది. దాని మీద నీడ చుక్కలు చుక్కలుగా పడుతోంది. డ్రైవరు ముందు తలుపు తెరిచి, సీటు మీద కాళ్ళు చాపి కునుకు తీస్తున్నాడు.

"ఏసినారు అత్తా" అన్నది.

"నువ్వు అల్లినవేనా?"

"నేను అల్లినవే."

అక్కమ్మ అరచేత్తో నడినెత్తి తడుముకుంది. భాగవతార్ ప్రార్థన అందుకున్నాడు. ఆమె మునెమ్మ వైపు వంగి, ఎవరికీ వినబడకుండా, "పల్సంగా అల్లినట్టుండావే. ఎండ కారిపోతా ఉండాది" అన్నది.

మునెమ్మ తన కొంగు విప్పి అత్త తల మీద గొడుగులా పట్టింది. కథ సాగినంతసేపూ పట్టుకొనే ఉంది. ఒక చెయ్యి నొప్పి పుడితే ఇంకో చేతికి మార్చుకుంది. భాగవతార్ ఆ రోజు ఏ కథ చెప్పాడో ఆమెకు తెలియదు.

రెండో రోజూ అంతే. ఆ రోజు సగం కథలో అక్కమ్మ వాంతి చేసుకుంది. మునెమ్మ, ఇంకొకామె చెరో రెక్క పట్టుకొని ఇంటికి తీసుకొచ్చి, తడిగుడ్డ నుదుటి మీద వేసి పడుకోబెట్టారు. సాయంత్రానికి తేరుకుంది. రేపు బకాసురుడి కథ అని అప్పుడే గుర్తుచేసుకొంది. భీముడు బండి నిండా అన్నం, పప్పు, గారెలు వేసుకొని అడవికి పోయి, రాక్షసుడికి పెట్టకుండా అన్నీ తనే తినేసే కథ. భారతం మొత్తంలో అక్కమ్మకు ఆ కథంటే ప్రాణం.

"రేపు నువ్వు రావద్దు అత్తా."

"ఎందుకు రాను?"

"పానం బాగలేదు గదా."

"బకాసురుడి కతకు పోకుండా యాన్నాడన్నా ఉన్నానా? రేపు కొంచెం దగ్గిరగా కూసోబెట్టు. పందిలి నడిమికి. ఈ కొసన పల్సంగా ఉండాది."

మునెమ్మ కుండలో నీళ్ళు ముంచి అత్తకు ఇచ్చింది. తర్వాత వాకిట్లోకి వచ్చింది. మునివెంకటప్ప ఇంటి ముందు నలుగురు మగవాళ్ళు మాట్లాడుకుంటున్నారు. పోయి అడుగుదామని ఒకడన్నాడు. అడిగితే ఆకు మిగల్లేదంటాడని ఇంకొకడన్నాడు. పండుగ పూట గొడవ వద్దని, పంటకోతలు ముందరున్నాయని మునివెంకటప్ప అన్నాడు. ఆ మాటతో అందరూ లేచి పోయారు.

మూడో రోజు పొద్దున్నే, ఎండ ఇంకా ఎక్కకముందే, మునెమ్మ మోరీ దగ్గరికి పోయింది. కారు మధ్యాహ్నానికి గాని రాదు. కొట్టంలో ఒక కుక్క పడుకొని ఉంది. రోడ్డు పనివాళ్ళు వదిలిపోయిన ఖాళీ తారుడబ్బాను దొర్లించుకొచ్చి, బోర్లించి, ఎక్కి నిలబడింది. మొదటి ముడి విప్పింది. నారను కోయలేదు. మళ్ళీ పనికొస్తుందని ఓపికగా గోళ్ళతో విప్పి, భుజం మీద వేసుకుంది. ఒక కీతు వదులైంది.

రోడ్డు మీద ఎద్దును తోలుకుపోతున్న మునివెంకటప్ప ఆమెను చూసి ఆగిపోయాడు.

"మే! ఏం పని ఇది? దిగు కిందికి."

"దిగను మామా."

"ఎవురన్నా సూస్తే ఏమైతాదో తెల్సా నీకి? నీ మొగుడు గూడా ఊళ్ళో లేడు."

"ఏమైతే అయితాది. పట్టుకో" అని, విప్పిన కీతును కిందికి జార్చింది. మీద పడకుండా మునివెంకటప్ప రెండు చేతులూ చాపి అందుకున్నాడు. అందుకున్నాక దాన్ని ఏం చేయాలో తెలియక అట్లే నిలబడ్డాడు. ఎద్దు రోడ్డు పక్కన గడ్డి మేయసాగింది. మునెమ్మ ఇంకొకటి జార్చింది. దాన్నీ పట్టుకున్నాడు.

గుడి ఊడుస్తున్న మనిషి చూసి పరిగెత్తాడు. ఆదిమూలం వచ్చేసరికి కొట్టం పైభాగం సగం ఖాళీ అయింది. అప్పటికి వాడ ఆడవాళ్ళు నలుగురైదుగురు వచ్చి, దించినవాటిని ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. ఊరివాళ్ళు రోడ్డుకు ఇవతల నిలబడి చూస్తున్నారు. 

"ఏమ్మే, ఎవురు దించమన్నారు నిన్ను?"

మునెమ్మ తారుడబ్బా మీద నుంచే చెప్పింది. 

"ఎవురూ దించమన్లేదు సామీ. నేను అల్లినవి నేను తీసకపోతా ఉండా."

"నువ్వు అల్లినవి! దేవుడి పందిలికి ఇచ్చింది ఎట్ల తీసకపోతావు?"

"ఇది దేవుడి పందిలి కాదు సామీ. దీని కింద కారు ఉంటాది."

ఆదిమూలం మొహం ఎర్రబడింది. మునివెంకటప్ప వైపు తిరిగాడు. ఆ పెద్దాయన చేతుల్లో ఇంకా కీతులు ఉన్నాయి. దించలేదు, తల కూడా ఎత్తలేదు.

"ఏమప్పా, నువ్వు గూడానా? సరే. ఊరంతా అల్లినారు. ఇందులో ఈమెవి ఏవి, ఇంకొకరివి ఏవి? సెప్పమను సూస్తాం!"

మునెమ్మ చేతిలో ఉన్న కీతు వైపు చూసింది. మూడు రోజుల ఎండకు పచ్చదనం పోయి అన్నీ ఒకే రంగులోకి తిరిగాయి. తనదేనని ఒట్టు పెట్టగలిగేది ఒక్కటీ లేదు. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"తెలీదు సామీ" అన్నది.

ఎవరో నవ్వారు. ఆదిమూలం కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. ఇక అయిపోయినట్టే ఉంది.

అప్పుడు సుబ్బులమ్మ ముందుకు వచ్చింది. నైవేద్యం గిన్నె మీద విస్తరాకు మూసి, గుడికి పోతూ ఆగినట్టుంది. మొగుడితో గాని, మునెమ్మతో గాని కాకుండా, కొట్టాన్ని చూస్తూ మాట్లాడింది.

"అందులో నావీ ఉండాయి."

"నువ్వు ఇంటికి పో" అన్నాడు ఆదిమూలం.

"ఉండు. నేను మొక్కుకోని అల్లినా. బిడ్డ బతికితే ధర్మరాజుల పందిలికి అల్లుతానన్నా. కారుకు అల్లుతానని మొక్కుకోలే. ఆ మొక్కు తీరిందో లేదో అని మూడు దినాల నుంచి నాకు నిద్ర పట్టలేదు." మునెమ్మ వైపు తల తిప్పింది. "నావి గూడా దించు మే. వదులుగా ఉండేవి నావి. యాడ కత ఇనబడితే ఆడ ఎయ్యి."

ఇంతమందిలో ఆమె అట్లా మాట్లాడటం ఎవరూ చూసింది లేదు. అంతే చెప్పి, గిన్నె సర్దుకొని గుడిలోకి పోయింది. ఆదిమూలం కాసేపు భార్య పోయిన దారి చూశాడు. తర్వాత మునివెంకటప్ప దగ్గరికి వచ్చి, తగ్గు గొంతుతో, "పండగ కానీ. అప్పుడు మాట్లాడుకుందాం" అన్నాడు. ఆ మాట ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు. కోతల్లో ఆ వాడను పిలవరు. పొరుగూరి కూలీలు వస్తారు.

మునివెంకటప్ప తల ఊపాడు. తర్వాత చేతుల్లోని కీతులను నెత్తికెత్తుకొని, పందిరి పడమటి పక్కకు నడిచాడు.

ఆ తర్వాత పని చకచకా సాగింది. కారు కొట్టం గుంజలను పెరికి తెచ్చి, మొదట తాము నాటాలనుకున్న చోటే నాటారు. ఊళ్ళోవాళ్ళు ఎవరూ చేయి వేయలేదు, ఎవరూ అడ్డు రాలేదు. ఊరి పందిరి అంచుకూ దీనికీ మధ్య జానెడు సందు వదిలాడు మునివెంకటప్ప. ఎందుకని ఎవరూ అడగలేదు. కొత్త పందిరి పెద్దదేమీ కాదు. ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు పడతారు. మిగిలినవాళ్ళు ఎండలోనే. అయినా మధ్యాహ్నానికి నేల మీద నీడ పరుచుకుంది.

ధనంజయ కారు వచ్చింది. మోరీ దగ్గర ఉత్త గుంతలు కనబడితే డ్రైవరు బ్రేకు వేసి, అటూ ఇటూ చూసి, కొంచెం ముందుకు పోయి చింతచెట్టు కింద పెట్టాడు. ఆ చెట్టు అక్కడ ఎప్పటి నుంచో ఉంది. ధనంజయ దిగి, చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ నడిచి వచ్చాడు. ఆదిమూలం ఎదురుపోయి ఏదో చెప్పబోయాడు.

"దాందేముందిలేప్పా. నేను నిన్ను కొట్టం అడిగినానా?" అని ధనంజయ పోయి కుర్చీలో కూర్చున్నాడు.

మునెమ్మ అక్కమ్మను తీసుకొచ్చింది. గుంజకు ఆనుకొనేలా కూర్చోబెట్టింది. అక్కమ్మ మట్టిని తడిమింది. గుంజను తడిమింది. మెడ వెనక చేత్తో తుడుచుకొని, చెయ్యి చూసుకున్నట్టు మొహం దగ్గర పెట్టుకుంది.  కాళ్ళు చాపుకుంది. ఇన్నేళ్ళలో ఆమె కథ దగ్గర కాళ్ళు చాపుకోవడం మునెమ్మ చూడలేదు. ఎండలో కాళ్ళు చీర లోపలికి ముడుచుకొనే కూర్చునేది.

భాగవతార్ చిడతలు అందుకున్నాడు. ఏకచక్రపురంలో బ్రాహ్మణుడి ఇంట ఏడుపు వినబడింది. కుంతి పోయి సంగతేమిటని అడిగింది. పడమటి గాలి కీతుల కింద నుంచి చల్లగా వచ్చింది. కథలో భీముడి బండికి ఎద్దులు కట్టేసరికి అక్కమ్మ తల గుంజ మీదికి వాలింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. పక్కన బిడ్డకు పాలిస్తున్న ఒకామె మోచేత్తో పొడిచింది.

"లేపు మే. ఆమెకు పానమైన కత గదా ఇది."

"పడుకోనీ" అన్నది మునెమ్మ. "నేను ఇంటా ఉండా. ఇంటికి పొయ్యినాక నేను సెప్తాలే."

అత్త తల జారకుండా ఒక చెయ్యి అడ్డం పెట్టి, వేదిక వైపు తిరిగి కూర్చుంది. భీముడు బండెక్కాడు. అన్నం రాశి మీద మూత తీశాడు. మొదటి ముద్ద ఎంత ఉందో భాగవతార్ రెండు చేతులూ చాపి చూపించాడు. పందిరి కింద అందరూ నవ్వారు. మునెమ్మ నవ్వకుండా, పెదాలు కదిలిస్తూ, మాట తర్వాత మాట గుర్తుపెట్టుకోసాగింది.